బండ ఉంటే టికెట్ అక్కర్లేదు

ఖర్చు లేకుండా పట్నం చూడటంలో తాండూరులో నన్ను మించినవాడు లేడని నాకొక పేరుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు హైదరాబాదుకో బొంబాయికో పని మీద బయలుదేరే ముందు మా ఇంటికొచ్చి కూర్చుంటారు. "తాతా, పైసలు పెట్టకుంట చూసేటివి ఏమేమున్నయ్?" అని అడుగుతారు. పార్కులో పాటలు వినండి, కోర్టులో ఫ్యాను కింద కూర్చోండి, పెద్ద దుకాణాల్లో బేరం చేసి బయటికి రండి అని చెప్పి పంపిస్తాను. వాళ్లు నన్ను మహా తెలివైనవాడినని అనుకుంటారు. నిజానికి ఆ విద్యలో నా గురువు ఒక నీలం బండ. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, పాలిష్ చేసిన తాండూరు నాపరాయి. దాని కథ ఇన్నాళ్లూ చెప్పలేదు. చెబితే నా పరువెక్కడ పోతుందోనన్న బెంగ. ఇప్పుడు రిటైరయ్యాను కదా, పోయే పరువు ఎలాగూ లేదు.

అరవయ్యో దశకం మొదట్లో కరణ్‌కోట దారిలో గనులున్న ఒక సేటు దగ్గర నేను మున్షీగా ఉండేవాణ్ణి. మున్షీ అంటే పెద్ద హోదా అనుకునేరు. బండ్ల మీద వచ్చిన బండలెన్నో రాయడం, పగిలినవెన్నో రాయడం, సేటు తిట్టినవి మాత్రం రాయకుండా మనసులో పెట్టుకోవడం. అది కూడా పర్మనెంట్ కాదు. కానీ నాకు పిల్లనిచ్చిన వికారాబాదు మామగారికి మాత్రం నా ఉద్యోగం పర్మనెంటనే తెలుసు. చెప్పింది మా నాన్న. రోజూ భయపడుతూ బతికేది నేను.

ఒకరోజు సేటు నన్ను పిలిచి, పట్నంలో కాలేజీ పిల్లలకు పెద్ద హాస్టల్ కడుతున్నారని, నేలంతా బండలు పరుస్తారని, శాంపిల్ తీసుకుపోయి ఇంజనీరుకు చూపించి ఆర్డర్ తేవాలని చెప్పాడు. "ఆర్డర్ తెస్తే నువ్వు పర్మనెంట్" అన్నాడు. నేను పొంగిపోయేలోపే, "తేకుంటే వాపస్ వచ్చేటప్పుడు తాండూర్ల దిగకు. గట్లనే సీదా వాడి దాకా పో" అన్నాడు. వాడి మాకు తర్వాత వచ్చే పెద్ద జంక్షన్. అక్కడ నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

నాకు తోడుగా పెద్ద మేస్త్రిని పంపాడు. ఆయన యాభై దాటిన మనిషి. గొర్లు కాసే ఇంట పుట్టి, వాటిని అన్నదమ్ములకు వదిలి బండల్లోకి వచ్చాడు. భుజాన ఎప్పుడూ ఒక సంచి, అందులో సుత్తి, ఉలి, తాపీ, ఒక తడిగుడ్డ. పెళ్లిళ్లకు కూడా అదే సంచితో వెళ్లేవాడు. ఎక్కడ బండ కనబడినా గొంతుక్కూర్చుని, తడిగుడ్డతో తుడిచి, వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. "చేతుల ఉన్న బండ మోగాలె. పరిచిన బండ మోగొద్దు. మోగిందంటె కింద బోలున్నట్టు" అని నాకు వెయ్యిసార్లు చెప్పాడు. ఆయన్ని నేను కాకా అనేవాణ్ణి. ఆయన నన్ను మున్షీ అనేవాడు. ఆ మాటలో గౌరవం ఎంతో, ఎగతాళి ఎంతో నాకెప్పుడూ తేలలేదు.

రెండు శాంపిల్ బండలు గోనెలో చుట్టుకుని ప్యాసింజర్ ఎక్కాం. వికారాబాదులో రైలు చాలాసేపు ఆగింది. మామగారు ఎక్కడ కనబడతారోనని నేను తువ్వాలు మొహానికి కప్పుకుని పడుకున్నాను. ఈలోపు ఎదురు సీట్లో దౌల్తాబాద్ రైతు ఒకాయన, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మా బండను చూసి, "మస్తు సన్నగున్నది గదా, పల్గదా?" అని అడిగాడు.

అంతే, మేస్త్రికి రోషం వచ్చింది. ఎవరివో రెండు ట్రంకుపెట్టెలు ప్లాట్‌ఫారం మీదికి దించి, వాటి నడుమ బండను అడ్డంగా పెట్టాడు. "ఎక్కు" అన్నాడు.

"వద్దు కాకా" అని తువ్వాలు తీసి కిటికీలోంచి అరిచాను.

"నువ్వు పండు మున్షీ. ఎక్కు పటేలా, ఫికర్ చెయ్యకు."

రైతు పాపం చెప్పులు విడిచి, బండకు దండం పెట్టుకుని ఎక్కాడు. బండ కదల్లేదు. చుట్టూ చేరినవాళ్లు శభాష్ అన్నారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ మా మేస్త్రికి శభాష్ తలకెక్కింది. "ఎగురు" అన్నాడు.

"ఏంది?"

"ఎగురు పటేలా. ఎగిరి దుంకు."

రైతు ఎగిరాడు. బండ రెండు ముక్కలైంది. ఆయన ట్రంకుపెట్టెల మధ్య కూలబడి, "నాదేం తప్పు లేదే అయ్యా, నువ్వే ఎగురుమన్నవ్" అని ఏడుపుమొహం పెట్టాడు. మేస్త్రి ఆ ముక్కలను అటూ ఇటూ తిప్పి చూసి, "కింద నేల లేకపాయె. గాలిల నిలబెడితె ఏదైనా పల్గుతది" అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. అలా మాకు ఒక్క బండే మిగిలింది. ఇక దాన్ని కంటికి రెప్పలా కాపాడాలని, ఎవరు చూసినా ఎగరమని చెప్పకూడదని మేస్త్రి చేత ఒట్టు వేయించుకున్నాను.

పట్నంలో దిగి ఇంజనీరు ఆఫీసుకు వెళ్తే చప్రాసీ మమ్మల్ని కింది నుంచి మీదికి చూసి, "సాబ్ దౌరా మీద పోయిండు. సోమారం రాండ్రి" అన్నాడు. ఆ రోజు శుక్రవారం. తిరిగి వెళ్లి మళ్లీ వచ్చే స్తోమత లేదు. స్టేషన్ దగ్గరి సరాయిలో ఉచితంగా పడుకోవచ్చు, అంతవరకు బాగానే ఉంది. పగలంతా ఏం చేయాలి? "పట్నం వచ్చినం, చూసి పోదాం. ఊకెనే చూసేటివి లేవా?" అన్నాడు మేస్త్రి. సరాయిలో బండను వదిలితే ఎవడో దాని మీద బట్టలుతుకుతాడని ఆయన భయం. దాంతో బండ కూడా మా వెంట పట్నం చూడటానికి బయలుదేరింది.

మొదట చార్మినార్‌ను కింది నుంచి చూశాం. మెడ నొప్పి తప్ప ఖర్చేమీ కాలేదు. తర్వాత మూసీ వంతెన మీద నిలబడ్డాం. మేస్త్రి చాలాసేపు నీళ్లను చూసి, "మన అనంతగిరి నుంచే గదా వచ్చింది. ఇంత దూరం వచ్చి గిట్లయిపోయింది" అని, ఊరి మనిషి కనబడినట్టు పలకరించి వచ్చాడు.

అసలు సంగతి ఒక పాత నవాబు మహలు దగ్గర బయటపడింది. లోపలికి టికెట్ ఉందని తెలిసి మేం గేటు పక్కన నిలబడి, పోదామా మానుకుందామా అని గుసగుసలాడుతున్నాం. గేటు జవాను మేస్త్రి భుజం మీది బండను చూశాడు. "పత్తర్‌వాలేనా? క్యా ఖడే హో, అందర్ జావ్" అని, బండలు పరిచే పనివాళ్లమనుకుని, గేటు బార్లా తెరిచాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలికి నడిచాం. అద్దాలు, దీపాలు, ఏనుగు దంతపు కుర్చీలు అన్నీ చూశాం. నేను గోడలు చూశాను, మేస్త్రి నేల చూశాడు. ఎవరైనా అనుమానంగా దగ్గరికొస్తే మేస్త్రి గొంతుక్కూర్చుని, "కొల్త తీస్తున్నం" అనేవాడు. వచ్చినవాడు తృప్తిగా వెళ్లిపోయేవాడు.

ఆ మాట ఒక మంత్రమైపోయింది. భుజాన బండ, నోట్లో కొలత ఉంటే పట్నంలో తెరుచుకోని గేటు లేదని ఆ రోజే తెలిసింది. శనివారం పొద్దున కోర్టుకు వెళ్లాం. ఫ్యాను కింద బెంచీ దొరికింది. ఒక జవాను వచ్చి, "ఇది ఏ కేసుది?" అని అడిగాడు. "తాండూర్ది" అన్నాడు మేస్త్రి, ఊరు అడిగాడనుకుని. ఆ జవాను బండను జాగ్రత్తగా తీసుకుపోయి, కత్తులూ కర్రలూ పెట్టిన బల్ల మీద పెట్టి చీటీ అంటించాడు. దాన్ని విడిపించుకునేసరికి మధ్యాహ్నం దాటింది. బండ ఏ నేరమూ చేయలేదని నేను ముగ్గురికి విడివిడిగా చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం జంతువుల తోటకు వెళ్తే అక్కడి కాపలావాడు మమ్మల్ని చూసి ఎంతో సంతోషించాడు. చెయ్యి పట్టుకుని సందుల్లోంచి తీసుకుపోయి, ఒక ఇనుప తలుపు చూపించి, "గీ లోపల మూలకు బండ కదులుతుంది, చూసుకోండ్రి" అన్నాడు. మేస్త్రి వంగి చూశాడు. మూలన బండ కదులుతున్న మాట నిజమే. దాని మీద పులి పడుకుని ఉంది.

"కొల్త తీస్కోండ్రి" అన్నాడు కాపలావాడు.

"తీస్కున్నం" అన్నాడు మేస్త్రి. "కంటితోనే తీస్కున్నం. రేపు వస్తం." ఆ రోజు ఆయన బండతో సహా పరుగెత్తిన వేగం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ఆదివారం సినిమాకు వెళ్దామన్నది నేనే. ఆ ఊళ్లో కొత్త సినిమా ఒకటి ఆడుతోంది. టికెట్ల కోసం జనం ఒకరి భుజాలెక్కి ఒకరు కొట్టుకుంటున్నారు. మేం పక్క గేటు దగ్గరికి వెళ్లి ఊరికే నిలబడ్డాం. గేట్‌కీపర్ మమ్మల్ని చూడగానే కేకేశాడు: "మేనేజర్ సాబ్! ఆగయే పత్తర్‌వాలే! ఎన్ని దినాలకు దొరికిన్రయ్యా!"

మేనేజర్ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. సోడాల కొట్టు ముందు నేలలో ఒక గుంత చూపించాడు. అక్కడ బండ పగిలిపోయి ఎవరో సిమెంటు పూసి వదిలేశారు. రోజూ జనం తట్టుకుని పడుతున్నారట, బండలవాడికి కబురు పెట్టి వారమైందట. మేస్త్రి మామూలుగానే, "కొల్త తీస్కపోనీకి వచ్చినం" అన్నాడు.

"కొలత ఎప్పుడో తీసుకున్నారు కదయ్యా. సిమెంటు, ఇసుక అన్నీ తెచ్చి పెట్టాను. కానియ్యండి."

మేస్త్రి నా చెవిలో, "నువ్వు లోపలికి పోయి సినిమా సూడు. ఇద్దరం నిలబడితె అనుమానం వస్తది. నేను జరసేపు కొల్త తీసినట్టు చేస్త" అన్నాడు. నేను చీకట్లోకి జారుకుని గోడకానుకుని నిలబడ్డాను. తెర మీద పాట మొదలైంది. నా ఉద్యోగం, సేటు, మామగారు, వాడి జంక్షన్ అన్నీ మరిచిపోయాను. అంత సుఖంగా నేను ఏ సినిమా చూడలేదు.

ఇంటర్వెల్‌లో బయటికొచ్చాను. సోడాల కొట్టు ముందు నాలుగు బెంచీలు చుట్టూ అడ్డం పెట్టి ఉన్నాయి. వాటి అవతల మేస్త్రి గోడకానుకుని, మేనేజర్ ఇప్పించిన సోడా తాగుతున్నాడు. పక్కన ఖాళీ గోనె మడతపెట్టి ఉంది. బెంచీ దాటి ఆయన దగ్గరికి దూకాను.

"బండేది కాకా?"

"ముందుగాల దాని మీదికెల్లి దిగు మున్షీ" అన్నాడు ఆయన కంగారుగా. "సిమెంటు ఇంక పచ్చిగున్నది."

కిందికి చూశాను. మా బండ, ఒక అంచు చెక్కించుకుని, ఆ నేలలో పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు సర్దుకుని ఉంది. మా ఇద్దరిలో ముందు పర్మనెంట్ అయింది అదేనని అర్థమైంది.

"ఎందుకేసినవ్ కాకా? రేపు ఇంజనీర్‌కు ఏం చూపిస్తం?"

మేస్త్రి తల గోక్కున్నాడు. "ఆ గుంత సూస్తె మనసొప్పలే. ఎవడో చేతకానోడు సిమెంటు పూసి పోయిండు. జనం పడుతున్నరు. జర సాపు చేద్దామని కూసున్న. కూసున్నంక చెయ్యి ఆగలే."

"మరి సేటు?"

"సేటు యాదికి రాలే" అన్నాడు చిన్నగా. ఆయన మొహం చూసి నాకు కోపం కూడా సరిగ్గా రాలేదు. వచ్చినంతలో సోడా లాక్కుని తాగాను. బండను పీకుదామంటే మేనేజర్ అక్కడే నిలబడి, "ఎంత చక్కగా కుదిరిందయ్యా" అని మురిసిపోతున్నాడు. ఆ రాత్రి సరాయిలో నాకు నిద్ర పట్టలేదు. వాడి జంక్షన్‌లో ఏ పని దొరుకుతుందా అని ఆలోచిస్తూ పడుకున్నాను. మేస్త్రి మాత్రం గోనె తలకింద పెట్టుకుని గురక పెట్టాడు.

సోమవారం ఇంజనీరు దొరికాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, కళ్లద్దాలు, మెత్తటి మాట. "శాంపిల్ ఏదండీ?" అని అడిగాడు.

"పరిచేశాం సార్" అన్నాను. అంతకంటే మంచి మాట నాకు తోచలేదు.

"పరిచారా? ఎక్కడ?"

నేను సినిమా హాలు పేరు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీకిది వేళాకోళంగా ఉందా?" అన్నాడు. అప్పుడు మేస్త్రి ముందుకొచ్చి, "సంచిల బండ అందరు తెస్తరు సాబ్. మాది జనం కాళ్ల కింద ఉన్నది. వచ్చి సూడుండ్రి" అన్నాడు. ఇది ఆయన రాత్రంతా ఆలోచించిన మాట కాదు, రాత్రంతా గురక పెట్టాడని నాకు తెలుసు.

ఇంజనీరు గొంతు తగ్గించి, "ఆ హాల్లో ఇప్పుడు ఏం సినిమా ఆడుతోంది?" అని అడిగాడు. చెప్పాను. "దానికి మా ఆవిడ రెండు వారాలుగా టికెట్లు అడుగుతోంది, దొరకడం లేదు" అన్నాడు. మళ్లీ వెంటనే నిటారుగా కూర్చుని, "సరే, పని పనే కదా. మ్యాట్నీకి వెళ్దాం పదండి" అన్నాడు.

గేటు దగ్గర నిన్నటి గేట్‌కీపరే ఉన్నాడు. "టికెట్?" అన్నాడు.

"అరె, నేనే గదా. నిన్న బండేసింది" అన్నాడు మేస్త్రి.

"బండేది?"

"లోపలున్నది."

"టికెట్ ఉంటె లోపలికి పో. లేకుంటె పక్కకు జరుగు."

మూడు రోజులుగా పట్నమంతా మాకు గేట్లు తెరిచింది మా మొహాలు చూసి కాదని అప్పుడు పూర్తిగా అర్థమైంది. జనంలోకి దూరి, చొక్కా గుండీలు తెంచుకుని, మూడు టికెట్లు కొన్నాను. మా రెండు పూటల భోజనం అక్కడే పోయింది.

లోపల ఇంటర్వెల్ దాకా బండ జోలికి పోనివ్వలేదు ఇంజనీరు. "ముందు ఇది అవనివ్వండి" అన్నాడు తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా. లైట్లు వెలిగాక సోడాల కొట్టు ముందుకు వచ్చాం. బెంచీలు తీసేశారు. మా బండ మీద జనం కిక్కిరిసి ఉన్నారు. మేస్త్రి ఒక్కొక్కరినీ బతిమాలి జరిపాడు. ఎవడో పాన్ ఉమ్మి పెట్టాడు. మేస్త్రి వాణ్ణి బూతులు తిట్టి, సంచిలోంచి తడిగుడ్డ తీసి తుడిచాడు. నీలం రంగు తేటగా బయటికొచ్చింది.

"రంగు బాగుంది. సన్నగా ఉంటుందేమో. బరువు ఆపుతుందా?" అన్నాడు ఇంజనీరు.

నేనూ మేస్త్రీ ఒకరినొకరు చూసుకున్నాం. "నిలబడితె ఆపుతది సాబ్" అన్నాడు మేస్త్రి. ఒట్టు గుర్తుంచుకుని అక్కడితో ఆగాడు.

అప్పుడే, హీరో కొట్లాట చూసి ఒళ్లు పొంగిన ఒక పెద్ద పహిల్వాను సోడా చేతిలో పట్టుకుని స్నేహితులకు ఆ కొట్లాట చేసి చూపించడం మొదలుపెట్టాడు. వికారాబాదులో ఎగిరిన రైతుకు రెండింతలుంటాడు. నేను చూస్తుండగానే మోకాళ్లు వంచాడు. "వద్దు భాయ్" అని నేను అరిచేలోపే గాల్లోకి ఎగిరి, మా బండ మీద రెండు కాళ్లతో దబ్బున దిగాడు. నేను కళ్లు మూసుకున్నాను. నాకు వాడి స్టేషన్ బోర్డు కనిపించింది.

పగిలిన శబ్దమేదీ రాలేదు. కళ్లు తెరిస్తే బండ బండలాగే ఉంది. పహిల్వాను కాలు మడత పడి కింద కూర్చుని ఉన్నాడు. ఇంజనీరు వంగి బండ అంచులు తడిమి చూసి, "ఇది చాలండీ. ఆఫీసుకు వచ్చి ఆర్డర్ తీసుకెళ్లండి" అన్నాడు. మళ్లీ బెల్ కొట్టగానే, "సినిమా అయ్యాక" అని లోపలికి పరుగెత్తాడు. మేస్త్రి ఆ పహిల్వానును లేపి నిలబెట్టి, వాడికి ఎందుకో తెలియకుండానే, కౌగిలించుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో రైలు వికారాబాదులో ఆగితే నేను తువ్వాలు కప్పుకోలేదు. ప్లాట్‌ఫారం మీద ఆ చివర నుంచి ఈ చివరకు ఛాతీ విరిచి నడిచాను. మామగారు మాత్రం ఆ రోజు స్టేషన్‌కు రాలేదు. తాండూరులో దిగాం. సేటు నన్ను పర్మనెంట్ చేశాడు గానీ, శాంపిల్ బండలు రెండూ ఏమయ్యాయని మాత్రం నేను రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాడు.

తర్వాత నేను పని మీద పట్నం వెళ్లినప్పుడల్లా, వచ్చాక మేస్త్రి మొదట అడిగే మాట ఒక్కటే: "మన పిల్ల మంచిగున్నదా?" బిడ్డనిచ్చిన ఇంటి నుంచి వచ్చినవాణ్ణి అడిగినట్టు అడిగేవాడు. చూడలేదంటే నొచ్చుకునేవాడు. అందుకని ప్రతిసారీ టికెట్ కొని, ఏ సినిమా అని కూడా చూడకుండా లోపలికి వెళ్లి, ఇంటర్వెల్‌లో బండను చూసి వచ్చేసేవాణ్ణి. పట్నంలో ఏది ఊరికే చూడొచ్చో ఊరందరికీ చెప్పే నేను, ఒక్క బండను చూడటానికి జీవితమంతా టికెట్లు కొన్నాను.

మేస్త్రి మంచం పట్టాక ఒకసారి పట్నం బయలుదేరుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈసారి ఒక్కపాలి ఎగిరి సూడు మున్షీ" అన్నాడు. ఆయన నవ్వులాటకు అన్నాడో, నిజంగా అన్నాడో అడగలేకపోయాను. అప్పటికి నాకూ వయసు మళ్లింది. టికెట్ కొన్నాను. ఇంటర్వెల్ అయిపోయి జనం లోపలికి వెళ్లేదాకా ఆగి, అటూ ఇటూ చూసి, పంచె ఎగ్గట్టి ఎగిరాను. సోడాలమ్మే మనిషి నన్ను చూసి గ్లాసు జారవిడిచాడు.

తాండూరు వచ్చి నేరుగా మేస్త్రి మంచం దగ్గరికి వెళ్లాను. "ఎగిరిన కాకా" అన్నాను.

కళ్లు తెరిచాడు. "మోగిందా?"

"మోగలే."

"మోగది" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను. నేను మోకాలు పట్టుకుని ఆ మంచం పక్కనే కూర్చుండిపోయాను.